పాత వస్తువు ఎవరి చేతి నుంచి వస్తుంది

ఏదైనా కొత్తది కొనే ముందు పాతది దొరుకుతుందేమో చూడడం నాకు అలవాటు. ఇంట్లో రాసుకునే బల్ల, ఇనుప బీరువా, సైకిలు, కుట్టు మిషను, పై గదిలో తిరిగే ఫ్యాను, అన్నీ ఇంకొకరి ఇంట్లో కొంతకాలం ఉండి నా దగ్గరికి వచ్చినవే. పుస్తకాలైతే చాలా మటుకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద కొన్నవి. తిండి, మందులు, లోదుస్తులు, హెల్మెట్ మాత్రం కొత్తవే. ఒకసారి కిందపడిన హెల్మెట్ లోపల చిట్లిందో లేదో బయటికి కనబడదు. అక్కడ పొదుపు పనికిరాదు.

ఈ అలవాటుకు డబ్బు ఒక్కటే కారణం కాదు. ఒక నూలు అంగి వెనుక, పత్తి చేను నుంచి అద్దకం దాకా, దాదాపు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని లెక్క కట్టారు. బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన ఎండాకాలాలు సిరిసిల్ల జిల్లాలోని మా చందుర్తి చుట్టుపక్కల ఊళ్లు చూశాయి. ఆ ఊళ్లలో పుట్టినవాడికి ఈ అంకె ఉత్త అంకెలా అనిపించదు. ఫోనుదీ అదే కథ. దాని జీవితకాలంలో వాతావరణానికి చేసే కీడులో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది, మనం ఛార్జింగ్ పెట్టుకుని వాడేటప్పుడు జరిగేది తక్కువ. అలాంటప్పుడు మంచిగా ఉన్న ఫోనును రెండేళ్లకు పక్కన పడేసి, ఫైనాన్స్ మీద ఇంకోటి తెచ్చుకుని, నెల నెలా కిస్తీ కట్టడం నాకు సమ్మతం కాదు.

పాతది కొనాలంటే దాన్ని చదవడం రావాలి. కుట్టు మిషన్‌నే తీసుకోండి. రంగు మెరుస్తుందా లేదా అన్నది చూడాల్సిన పని లేదు. ముందు పెద్ద చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే లోపల తుప్పన్నా ఉండాలి, దారం ముక్కన్నా చుట్టుకుని ఉండాలి. తర్వాత చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదపాలి. లొడలొడలాడితే బుష్ అరిగినట్టు. సూది కింద బట్టను ముందుకు తోసే పళ్లను వేలితో తాకితే గరుకుగా ఉండాలి, నున్నగా ఉంటే పని అయిపోయినట్టే. చివరకు రెండు మడతల బట్ట మీద ఒక జానెడు కుట్టి, తిరగేసి అడుగు కుట్టు చూడాలి. పైనా కిందా దారం ఒకేలా పడితే బేరం మొదలుపెట్టొచ్చు. నేను ఇదంతా కోరుట్లలో ఒక దర్జీ దగ్గర నేర్చుకున్నాను. తోలు బెల్టు మార్చి, నూనె బొట్లు వేసి వదిలితే ఆ మిషను ఇప్పటికీ మా ఇంట్లో చిరిగిన దిండు గలేబుల నుంచి సంచుల దాకా అన్నీ కుడుతోంది. వస్తువును ఇంత దగ్గరగా తెలుసుకున్నాక దాన్ని పారేయబుద్ధి కాదు. షోరూములో డబ్బా విప్పకుండా తెచ్చుకున్న వస్తువుతో ఈ పరిచయం ఏర్పడదు.

ఇంతవరకు నాకు ఏ అనుమానమూ లేదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది మా వైపు ఒక ముసలవ్వ. పాత చీరెలతో బొంత కుట్టడంలో ఆమెకు సాటి లేదు. నాలుగైదు చీరెలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత రాకుండా అంచుల మీద రాళ్లు పెట్టి, చుట్టూ కుట్టుకుంటూ నడిమికి వస్తుంది. మెత్తటి నూలు చీరె పైకి, చిరుగులు ఎక్కువున్నది లోపలికి. అంత ఒడుపుగా పాత బట్టకు రెండో జన్మ ఇచ్చే మనిషి నా మాటలకు సంబరపడుతుందనుకుని పాత వస్తువుల మీద నాకున్న ఇష్టం చెప్పుకుపోయాను. సూది ఆపకుండానే అంది:

"నువ్వు కట్టుకో కొడుకా, నీకు నడుస్తది. దొరల ఇంట్ల పనిజేసినన్నొద్దులు వాళ్లు ఇడిశిన చీరెలే కట్టిన. నా పైసలతోని కొన్న చీరె కట్టినంకనే నా పానం నిమ్మలమైంది."

ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. పొదుపు గురించి మనం రాసుకునే, మెచ్చుకునే మాటలన్నీ ఈ ఒక్క మాట దగ్గర పరీక్షకు నిలబడాలి.

పాత బట్ట ఈ దేశంలో ఎప్పుడూ ఒట్టి బట్టగా లేదు. మనుస్మృతి పదో అధ్యాయం 125వ శ్లోకం శూద్ర సేవకుడికి ఏమివ్వాలో లెక్క చెబుతుంది: తినగా మిగిలిన అన్నం, పాత బట్టలు, తాలు గింజలు, పాత సామాను. అదే అధ్యాయం 52వ శ్లోకం చండాలుడికి శవాల మీది బట్టలు రాసిపెట్టింది. ఇంకొకరు వాడి వదిలిన వస్తువును ఒక మనిషి స్థాయికి కొలబద్దగా పెట్టిన గ్రంథం అది. 1927 డిసెంబర్ 25న మహారాష్ట్రలోని మహద్‌లో జరిగిన సభల్లో దాన్ని తగలబెట్టారు. ఆ సభల సమయంలోనే అంబేడ్కర్ దళిత స్త్రీలతో విడిగా మాట్లాడుతూ చీరెకట్టు మార్చమన్నారు, కులాన్ని పట్టిచ్చే నగలు వదిలేయమన్నారు. అంతకు ఆరేళ్ల ముందు, 1921 సెప్టెంబర్ 22న, గాంధీ మదురైలో అంగీ టోపీ విడిచి కొల్లాయి కట్టారు. ఈ ఇద్దరినీ పోటీకి నిలబెట్టడం దండగ. గాంధీ దివాన్ కొడుకు, లండన్‌లో చదివిన బారిస్టరు. విడిచిపెట్టడానికి ఆయన దగ్గర బట్ట ఉంది. అంబేడ్కర్ మాట్లాడుతున్నది విడవడానికి ఏమీ లేని ఆడవాళ్లతో. వాళ్లకు నిండుగా కట్టుకోవడమే తిరుగుబాటు.

మా ప్రాంతానికి ఇది పుస్తకంలోని సంగతి కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్రగా కదిలింది వెట్టిని, దొరల పెత్తనాన్ని ధిక్కరించడానికే. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటాన్ని భూమి గురించి, కూలి రేట్ల గురించి చెప్పుకుంటాం. దొరసాని విడిచిన చీరెను రెండు చేతులా అందుకోవాల్సిన అవసరం తప్పిపోవడం కూడా ఆ పోరాటం సాధించిన దాంట్లో ఉందని అవ్వ చెప్పాకే నాకు తోచింది.

అందుకే ఇప్పుడు మా వైపు ఇళ్లలో కొత్త వస్తువుల మోజు చూసి పెదవి విరిచేవాళ్లతో నేను కలవలేను. గల్ఫ్‌కు పోయిన పిల్లగాడి సంగతే చూడండి. దుబాయిలోనో సౌదీలోనో లేబర్ క్యాంపులో ఒక అర్రలో ఎంతోమందితో సర్దుకుంటాడు. ఇంటికి తిరిగిపోయేవాడు వదిలిన పరుపు, వండుకునే గంజు, ఇస్త్రీ పెట్టె కొత్తగా వచ్చినవాడికి దక్కుతాయి. ఏళ్ల తరబడి అక్కడ అందరూ వాడిన సామాను మీద బతికి, ఇక్కడ చెల్లె పెళ్లికి పాలిథిన్ కవరు విప్పని ఫ్రిజ్ పెడతాడు. అతని పొదుపు మనకు కనబడదు, ఫ్రిజ్ ఒక్కటే కనబడుతుంది. కనబడినదాన్ని బట్టి ఆడంబరమని తీర్పు చెప్పడం అన్యాయం.

2006లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు స్నేహితులు ఏడాది పాటు కొత్తవేవీ కొనకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టుకు కాంపాక్ట్ అని పేరు పెట్టారు. తిండికి, మందులకు మినహాయింపు. ఆ సంగతి దేశదేశాలకు పాకింది. వాళ్లను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, ఎందుకంటే ఆ ఒట్టు పెట్టుకోవాల్సినవాళ్లే పెట్టుకున్నారు. బీరువా తలుపు మూతపడనంతగా నిండినవాడికి కొనకపోవడం బాధ్యత. కొత్తగా బీరువా కొనుక్కున్నవాడికి దాన్ని నీతిగా బోధించే హక్కు మొదటివాడికి లేదు.

అయితే పాతదంతా అవమానమేనా? కాదు. తేడా వస్తువులో లేదు, అది చేతులు మారే పద్ధతిలో ఉంది. పై చేయి కిందికి చాపి ఇచ్చినప్పుడు, తీసుకున్నవాడు వంగాలి, తర్వాత కూడా చాలా రోజులు వంగే ఉండాలి. అదే పాత వస్తువును అంగట్లో పెట్టి ధర చెబితే, కొనేవాడు తిరగేసి చూస్తాడు, వంక పెడతాడు, సగానికి అడుగుతాడు, నచ్చకపోతే నడిచిపోతాడు. ఆ నడిచిపోగలగడంలోనే మర్యాద ఉంది. జూన్‌లో కాలేజీ పిల్లలు కింది క్లాసువాళ్లకు పుస్తకాలు సగం ధరకు అమ్మడం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఊరికే ఇస్తానన్నా కొందరు తీసుకోరు, ఎంతో కొంత చేతిలో పెట్టి తీసుకుంటారు. ఆ పట్టింపు నాకెంతో ఇష్టం. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఈ కిటుకును పట్టుకుంది. పట్నాల్లో పోగైన బట్టలను పల్లెల్లో పంచిపెట్టకుండా, ఊరివాళ్లు తమ ఊరికోసం బావి తవ్వుకున్నా, దారి వేసుకున్నా ఆ శ్రమకు ప్రతిఫలంగా ఇస్తుంది. బట్ట పాతదే, అందుకునే చేయి మాత్రం దానం పట్టే చేయి కాదు.

పాతది సంపాదనకు పెట్టుబడి కూడా అవుతుందని చెప్పడానికి సిరిసిల్ల కంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఆ ఊళ్లో చప్పుడు చేసే సాంచలు, అంటే మరమగ్గాలు, చాలా వరకు పాతవిగా వచ్చినవే. ఇక్కడి పద్మశాలీలు భివండీకి, ముంబైకి వలసపోయి, మిల్లుల్లో, కార్ఖానాల్లో పని నేర్చారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన ముంబై సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాటి మగ్గాలు చౌకగా చేతులు మారాయి. పని తెలిసినవాళ్లు భివండీ వైపు నుంచి పాత సాంచలు కొని సొంతూరికి చేర్చుకున్నారు. ఎవరికో పనికిరాకుండా పోయిన ఇనుము మీద ఒక పట్టణం నిలబడింది. కొత్త మగ్గం కొనే తాహతు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ తరం భివండీలోనే ముసలిదయ్యేది.

కానీ ఆ సాక్ష్యంలో రెండో సగాన్ని దాచడం తగదు. నాడె (షటిల్) ఆడే ఆ పాత సాంచ మెల్లగా నడుస్తుంది. వేరే రాష్ట్రాల్లో నాడె లేని వేగపు మగ్గాలు వచ్చాక, సాంచలు నడిపే ఆసాములకు మిగిలింది తక్కువ ధర పలికే పాలిస్టరు, లంగా బట్ట. ఆర్డర్లు ఆగినప్పుడల్లా అప్పులు, ఆత్మహత్యలు. గడ్డు రోజుల్లో సాంచలను తూకానికి, తుక్కు కింద అమ్ముకున్న ఇళ్లున్నాయి. పాతది ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ వెనక్కి లాగుతుందో ఆ ఊరు చూపిస్తుంది. 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరెల ఆర్డరు వచ్చాక కొన్నేళ్లు సాంచలకు చేతినిండా పని దొరికింది. ఆ పని దొరికింది పాత చీరెల వల్ల కాదు, కోటి మందికి కొత్త చీరె కావాలన్నందుకు.

ఈ లెక్క నన్ను వదలదు. నాలాంటివాళ్లంతా బట్ట కొనడం మానేస్తే నా జిల్లా కేంద్రం సిరిసిల్లలో పొయ్యి ఎలా వెలుగుతుంది? చాలా రోజులు దీని చుట్టూ తిరిగి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. బల్ల, బీరువా, మిషను, సైకిలు లాంటివి పాతవే కొంటాను. బట్ట తక్కువగా కొంటాను, కానీ కొత్తదే కొంటాను. నేసినవారు ఎవరో, ఎక్కడో తెలిసిన చోట, బేరం ఆడకుండా కొంటాను. మెట్‌పల్లి ఖాదీ నాకు బాగా నప్పింది. ధర ఎక్కువే. మాసికలు వేసి ఏళ్ల తరబడి తొడుగుతాను కాబట్టి సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఇందులోంచే తేలింది. పాతది దొరకాలంటే దాన్ని ఎవరో ఒకరు మొదట కొత్తగా కొని ఉండాలి, అది వాళ్ల దగ్గర చెడిపోకుండా మిగలాలి. ఇవాళ అమ్ముతున్న కొత్త వస్తువుల్లో రెండో ఇంటికి చేరేవి ఎన్ని? నొక్కుడు చెక్కకు జిగురేసి అతికిన మంచం ఒకసారి ఇల్లు మారితే విరిగిపోతుంది. బ్యాటరీ లోపల అతికేసిన ఫోనును విప్పడానికి మామూలు మెకానిక్ భయపడతాడు. మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. అయినా విడిభాగం ఊరి దుకాణంలో దొరికేదాకా పోర్టల్‌లో పేరుంటే సరిపోదు. అందుకే కొత్తది కొనేవాడి మీద కొంత భారం ఉందంటాను. ప్యాంటు కొంటే లోపల కుట్టు పక్కన బట్ట వదిలారా చూడాలి, రేపు వదులు చేయడానికి. మిక్సీ కొంటే దాని జార్ బ్లేడు విడిగా దొరుకుతుందా అడగాలి. మన తర్వాత దాన్ని వాడబోయేవాడి తరఫున కూడా మనమే కొంటున్నాం.

ఈ మధ్య ఇంట్లోకి మంచం అవసరపడింది. పాతవి చూశాను, కొలతకు దొరకలేదు. వడ్రంగికి చెప్పి టేకుతో చేయించాను. మేకులు కొట్టొద్దని, నాలుగు మూలలా బోల్టులు పెట్టమని అడిగాను. ఎందుకన్నాడు. "నా తర్వాత ఎవలన్న కొంటే ఇప్పుకొని తీస్కపోవాలె గదా" అన్నాను. బోల్టులకు, చిల్లులు తొలిచిన పనికి కలిపి కొంత ఎక్కువ అడిగాడు. ఇచ్చాను.