మారుతండ్రి

మన భాషలో సవతితల్లి యను మాటకు గల ప్రచారములో నూఱవవంతైనను మారుతండ్రి యను మాటకు లేదు. భార్య గతించిన పురుషుడు ఏడాది తిరుగకముందే మరల పెండ్లిపీటలమీద గూర్చుండుట మన పెద్దల కాలమున సామాన్యము. కావున సవతితల్లి ఇంటింటను గలదు, కథలలోను గలదు. అనేక కులములలో మారుమనువు పూర్వమునుండియు నున్నను, గ్రంథములు వ్రాసిన కులములవారు దానిని ఒల్లరైరి. వారి గ్రంథములలో మారుతండ్రికి చోటు దొరకలేదు. కొందఱు 'సవతితండ్రి' యందురు. సవతి యనగా భర్తకు గల మఱియొక భార్య. ఆ మాటను తండ్రికి తగిలించుట యెంత అసంగతమో చెప్పనక్కఱలేదు.

ధర్మశాస్త్రముల సంగతి మఱింత వింత. మనువు పండ్రెండు విధముల పుత్రులను లెక్కించెను. వివాహకాలమునకే వధువు గర్భమునందున్న శిశువునకు సహోఢుడని పేరిడి, పెండ్లాడినవానికే పుత్రునిగా జెప్పెను. పునర్వివాహమున బుట్టినవానికి పౌనర్భవుడని పేరు. కాని తల్లి చేయి పట్టుకొని నడచివచ్చిన బిడ్డకు, అట్లు వచ్చుటచేతనే పుత్రుడగు మార్గము ఆ పండ్రెండింటిలో లేదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఆయన హృదయమును గలచినది బాలవితంతువుల దుఃఖము. బిడ్డలుగల వితంతువును, ఆమె బిడ్డలను గూర్చి యోచించినవారు తక్కువ. పోనీ చట్టమైన ఆదుకొన్నదా? 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున తండ్రి వితంతువు, అనగా సవతితల్లి, ద్వితీయశ్రేణి వారసులలో నున్నది. మారుతండ్రి ఆ పట్టికలో లేడు. అతడు పెంచిన బిడ్డయు లేడు.

శాస్త్రమును చట్టమును పేరు పెట్టని చోట పితృత్వము నిలుచునా? మాకు దెలిసిన యొక్క జీవితమును జెప్పెదము.

మా తండ్రి పోవునప్పటికి మాకు ఆఱేండ్లు. మూడేండ్లకు మా తల్లి మరల వివాహమాడెను. ఆయనయు భార్యను గోల్పోయినవాడే, నాలుగేండ్ల కూతురుండెను. ఆ పిల్ల వచ్చిన వారమునకే మా తల్లిని 'అమ్మా' యని పిలిచెను. అది మాకు దొంగతనమువలె దోచినది. మేము మాత్రము ఆయనను 'బాబాయి' యంటిమి. ఎవ్వరును దిద్దలేదు. బడిలో జేర్చునాడు తండ్రిపేరు వ్రాయవలసిన చోట ఆయన మా తండ్రిపేరునే వ్రాసెను. మా యింటిపేరును మార్చనీయలేదు. ఏటేట మా తండ్రి తద్దినమునకు అరటికాయలు, నువ్వులు, విస్తళ్ళు తానే తెచ్చి, మమ్ము పీటమీద గూర్చుండబెట్టి, తాను వీధియరుగుమీద గూర్చుండువాడు. భోక్తలు లేచువఱకును లోపలికి వచ్చెడివాడు కాడు. "నీకెందుకయ్యా యీ శ్రమ?" యని బంధువొకడు అడుగగా, "వాడి నాన్న వాడికి ఉండాలి కదండీ" అనెను.

మా తమ్ముడు పుట్టిన పిమ్మట ఒకనాడు వానిని మేము అరుగుమీదినుండి త్రోసితిమి. అంతవఱకు మమ్ము పల్లెత్తుమాట యనని మనుష్యుడు ఆనాడు వీపుమీద గట్టిగా నొక్కటి కొట్టెను. ఏడ్చితిమి గాని, లోలోపల మాకు కలిగిన సంతోషము ఇంతంతగాదు. పరుల బిడ్డను ఎవరు కొట్టుదురు? పిల్లలను కొట్టుట మంచిదని మేము చెప్పబోము; ఆ దెబ్బను మాత్రము నేటికిని భద్రపఱచుకొన్నాము.

గతించినవాని స్థానమును ఆక్రమింపకుండుటే ఆయన ధర్మమని మేము చిరకాలము మెచ్చుకొంటిమి. ఇప్పుడు అనుమానము కలుగుచున్నది. ఒకడు తనకేమియు వద్దని వీధియరుగుమీద గూర్చున్నంతమాత్రమున, లోపలివారు రమ్మని పిలువనక్కఱలేదా? ఆయన నిరపేక్ష ఆయనకు శోభ. దాని చాటున మా కృతఘ్నత సుఖముగా బ్రతికినది.

ఆయన చివరి జబ్బున ఆసుపత్రిలో కాగితమొకటి యిచ్చిరి. రోగి మీకేమగునో వ్రాయవలసిన చోట మా కలము ఆగినది. నిద్రించుచున్నాడనుకొన్న మనుష్యుడు కన్నులు విప్పకయే, "బాబాయి అని రాయరా, సరిపోతుంది" అనెను. అట్లే వ్రాసితిమి. తండ్రి యని వ్రాసినచో మా చేయి పట్టుకొనువారు ఎవ్వరును లేరు.

చితికి మా తమ్ముడు నిప్పుపెట్టెను. అది న్యాయమే. కర్మకాండమీద మాకు గురి తక్కువ. అయినను ఆ యేటి భాద్రపద బహుళపక్షమున తమ్మునితోగూడ తర్పణములకు గూర్చుంటిమి. ఆ వరుసలో సవతితల్లికి స్థానము గలదు. మామకు, గురువునకు, స్నేహితునకు గలదు. ఈయననేమని చెప్పవలెనని పురోహితుని అడిగితిమి. అతడు కొంతసేపాలోచించి, "గురువు అనండి, లేకపోతే సఖుడు అనండి" యనెను. తమ్ముడు మెల్లగా, "నాన్న అను, అన్నయ్యా" అనెను.

మా నోట ఏ మాటయు రాలేదు. ఆయన గోత్రమును, నామమును మాత్రము చెప్పి నీళ్ళు విడిచితిమి.