అమ్మకి చెప్పని ధర



"అన్నా, లక్ష రూపాయల వాచీ కొనుక్కోవడం తప్పా?" అని పోయిన వారం సత్సంగం అయ్యాక ఒక తమ్ముడు అడిగాడు. నవ్వేసి తప్పించుకున్నాను. అప్పుడు నా చేతికీ అలాంటిదే ఒకటి ఉంది మరి.

84 వేలు. నెలకి 3,500 చొప్పున 24 నెలల ఈఎంఐ. ఆటోమేటిక్ వాచీ, అంటే బ్యాటరీ ఉండదు, చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. ఆ పనితనం నిజంగా అందమైనదే, కాదనను. కానీ టైమ్ కోసమే అయితే మామూలు క్వార్ట్జ్ వాచీ దీనికంటే నయం. అందులో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, తేడా వస్తే నెలకి కొన్ని సెకన్లు. స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న మెకానికల్ వాచీకే రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి పోయినా ఒప్పుకుంటారు. మరి నేను పెట్టింది టైమ్ కోసం కాదు, ఆఫీసులో నలుగురి కళ్ల కోసం.

వాచీ కొన్న ఏడాదే అమ్మని కారేపల్లి నుంచి భద్రాచలం నవమి కల్యాణానికి తీసుకెళ్లాను. మిథిలా ప్రాంగణంలో అర్చకస్వాములు రామదాసుగారు చేయించిన నగలు ఒక్కొక్కటీ చూపిస్తున్నారు. చింతాకు పతకం, పచ్చల పతకం... అమ్మ దండం పెట్టుకుంటూనే నా చెయ్యి చూసి, "బాగుందిరా, ఎంత పెట్టావు?" అంది.

"రెండు వేలమ్మా."

రాముడి పెళ్లిలో కూర్చుని అబద్ధం! అభిజిల్లగ్నానికి పందిరంతా తలలెత్తి జీలకర్ర బెల్లం చూస్తుంటే, నేను మణికట్టు చూసుకుంటున్నాను. అది మూడు నిమిషాలు ముందుంది కూడా.

రామదాసుగారు ఖరీదైనవి చేయించలేదా అంటారేమో. చేయించారు. అవి ఈనాటికీ స్వామి సన్నిధిలో ఉన్నాయి. బంగారం తప్పు కాదు. కానీ ఆయన తహశీల్దారు, పెట్టింది తానీషా ఖజానాకి చేరాల్సిన శిస్తు సొమ్ము. అందుకే గోల్కొండ చెర, సంప్రదాయం చెప్పే లెక్కన పన్నెండేళ్లు. చెరలో ఆయన ఏ నగకి ఎంతైందో రాముడికే లెక్క చెప్పి నిలదీశారు, ఆ కోపానికి మళ్లీ ఆయన్నే క్షమించమన్నారు. నాకు ఆయనలో బాగా నచ్చేది అదే, ధర దాచలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఇంటి ఖర్చులు, అమ్మానాన్నల మందులు పోగా చేతిలో ఉన్న డబ్బైతే కొనుక్కో, హాయిగా పెట్టుకో. ఇంకా సంపాదించని జీతంతో అయితే వద్దు. ధర ఇంట్లో చెప్పలేకపోతే అస్సలు వద్దు.

నాకింకా ఐదు కిస్తీలున్నాయి. ఈ ఆదివారం కారేపల్లి వెళ్తున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.