చెప్పినవారి అప్పు, విన్నవారి అప్పు

ఒక నగరంలో కొత్తవి కనిపెట్టినవారు, కళాకారులు, పదిమందిని నడిపించేవారు ఒకచోట చేరి తమ ఆలోచనలను పంచుకుంటే అది మంచి పనేనని ఎవరైనా ఒప్పుకుంటారు. మేమూ ఒప్పుకుంటాము. అయితే ఆ ‘పంచుకోవడం’ అనే మాట దగ్గరే మాకొక సందేహం. ఆలోచనను పంచుకోవడం దానమా, లేక తీర్చవలసిన అప్పా? దానమైతే చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళవచ్చు. అప్పయితే మాత్రం ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో లెక్క చూసుకోవాలి. ఆ లెక్క చూడడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ఫహాహీల్ నుంచి కువైట్ నగరం దాకా కారులో వెళ్ళగలిగినవారికి ఇటువంటి సభల కొదవ లేదు. నుఖత్ అనే సంస్థ 2009లో మొదలై, సృజనరంగాల వారితో నగరంలో సదస్సులు జరుపుతూ వచ్చింది. కువైట్ సైన్స్ క్లబ్ వారు 2007లో మధ్యప్రాచ్యపు అంతర్జాతీయ ఆవిష్కరణల ప్రదర్శన ప్రారంభించారు. అమెరికాలో 1984లో పుట్టిన టెడ్ సభ సంగతి మన పిల్లలకు మనకంటే బాగా తెలుసు. ఏ ఊరివారైనా అనుమతి తీసుకుని అదే పద్ధతిలో సభ జరుపుకొనే ఏర్పాటు 2009లో వచ్చాక అది ప్రపంచమంతా పాకింది. ఉపన్యాసం పద్ధెనిమిది నిమిషాలు మించరాదు, ఉపన్యాసకులకు పారితోషికం ఉండదు. మన తెలుగు సభలలో మొదటి నియమం అమలు జరిగితే ఎంత బాగుండునోనని మాకు చాలాసార్లు అనిపించింది.

వీటన్నిటికంటే పాతది ఇక్కడి దివానియా. అతిథులు గోడవెంట వరుసగా కూర్చుంటారు, టీ వస్తుంది, కాఫీ వస్తుంది. దానిని మన రచ్చబండకు ఇంటి లోపలి రూపం అనుకోవచ్చును. అక్కడ వేదిక లేదు. మాట్లాడినవాడికి ఎదుటివాడు వెంటనే జవాబు చెబుతాడు. వేదిక ఉన్నచోట జవాబు చెప్పే వీలు తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

మొదట, పంచుకోకపోతే ఏమవుతుందో చూద్దాము. మా వైద్యవృత్తిలో దీనికి ఒక పాత కథ ఉంది. చాంబర్లెన్ అనే కుటుంబం 1569లో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు వలస వెళ్ళింది. (వలస వెళ్ళినవారు కనుక మనకు దూరపు చుట్టాలే అనుకోండి.) కాన్పు కష్టమైనప్పుడు బిడ్డ తలను పట్టి బయటికి తీసే సాధనాన్ని, మేము ఫోర్సెప్స్ అనేదానిని, ఆ కుటుంబం కనిపెట్టి తరతరాలుగా వంద సంవత్సరాలకు పైగా దాచిపెట్టింది. పెద్ద పెట్టెలో పెట్టి తెచ్చేవారనీ, ప్రసవించే తల్లి కళ్ళకు గంతలు కట్టేవారనీ చెబుతారు. 1670లో హ్యూ చాంబర్లెన్ పారిస్ వెళ్ళి ఆ రహస్యాన్ని అమ్మజూపాడు. బేరం కుదరలేదు. చివరకు ఆ కుటుంబపు పాత ఇంట్లో, 1813లో, నేలపలకల కింద ఆ సాధనాలు దొరికాయి. అవి పెట్టెలో ఉన్న కాలంలో పక్క ఊళ్ళో, పక్క వీధిలో ఎందరు తల్లులు, ఎందరు పసికందులు పోయారో లెక్క రాసినవారు లేరు. ప్రసవాల వార్డులో ఒక్క రాత్రి పనిచేసినవారికి కూడా ఈ కథ వింటే కడుపు రగిలిపోతుంది.

దీనికి ఎదురుగా ఇన్సులిన్ కథ పెట్టడం వాడుక. 1923లో బాంటింగు, బెస్టు, కాలిప్ ముగ్గురూ తమ పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకు టొరాంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. ఎంత ఉదారం! కాని అక్కడితో కథ ముగించే ఉపన్యాసకులతో మాకు పేచీ ఉంది. వంద సంవత్సరాలు గడిచాక కూడా ఇన్సులిన్ కొనలేక బాధపడేవారు ప్రపంచంలో ఉన్నారు. కువైట్‌లో మధుమేహం ఎంతగా వ్యాపించిందో ఇక్కడ వైద్యం చేసేవారెవరికీ చెప్పనక్కరలేదు. అంటే, ఇవ్వడం వేరు, చేరడం వేరు. దాత చేతిలోంచి బయలుదేరిన వస్తువు దారిలో ఎక్కడ ఆగిందో చూడవలసినవారు దాత ఒక్కరే కారు.

ఇప్పుడు మన ఊళ్ళ వైపు చూద్దాము. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు, 2019లో సినిమా వచ్చినప్పుడు మనలో చాలామంది విన్నారు. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు ‘ఆసు’ పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ, ఎదుట ఉన్న ఒక మేకుకూ మధ్య నూలు దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు తొమ్మిదివేల సార్లు చెయ్యి ఆడించాలి. నాలుగైదు గంటల పని. తరతరాలుగా ఇది ఇంటి ఆడవాళ్ళ పని. మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ గారికి భుజాలు, మోచేతులు పీకేవి. కొడుకు చదువు బడిలోనే ఆగిపోయింది. ఇంజనీరింగు అంటే ఏమిటో చెప్పేవారు లేరు. 1992లో మొదలుపెట్టి, మధ్యలో డబ్బు లేక, నవ్వేవారి మధ్య ఆపుతూ, మళ్ళీ పడుతూ, 1999 నాటికి ఆ పని చేసే యంత్రాన్ని నిలబెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరు పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం.

ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొడుకు ప్రేమ అని మనం కళ్ళు తుడుచుకుని ముందుకు వెళ్ళిపోతాము. మాకు అందులో ప్రేమతోబాటు లెక్క కూడా కనిపిస్తుంది. ఏ కదలిక తరువాత ఏ కదలిక, దారం ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు అన్న జ్ఞానమంతా అప్పటికే ఆ తల్లి చేతిలో ఉంది. కొడుకు దానిని ఇనుములోకి, మోటారులోకి దించాడు. దించడం సామాన్యం కాదు, ఏడేళ్ళ జీవితం పట్టింది. అయినా మూలధనం ఆవిడది. పేరు పెట్టడం ఆ అప్పును బహిరంగంగా ఒప్పుకోవడం. ఎంతమంది ఆవిష్కర్తలు ఈ పని చేస్తారు? వైద్యంలో రోగాలకూ సాధనాలకూ డాక్టర్ల పేర్లే ఉంటాయి గాని, ఆ రోగాన్ని ఒంటిమీద మోసి చూపించినవారి పేర్లు చాలా అరుదు.

అహమ్మదాబాదు ఐఐఎంలో ఆచార్యులుగా పనిచేసిన అనిల్ గుప్తా గారికి 1980ల చివరలో ఇదే విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంది. రైతుల దగ్గర, చేతివృత్తులవారి దగ్గర నేర్చుకున్నది ఇంగ్లీషులో రాసుకుని తాను పేరూ, జీతమూ సంపాదించారు. నేర్పినవారికి మాత్రం పేరూ దక్కలేదు, తమ భాషలో ఒక ముక్కా తిరిగి రాలేదు. అందుకే ‘హనీ బీ’ అనే సంబంధజాలాన్ని మొదలుపెట్టారు. తేనెటీగ పువ్వు నుంచి తీసుకుంటుంది, పువ్వు పేదది కాదు. పోతూపోతూ ఒక పువ్వును మరొక పువ్వుతో కలుపుతుంది. మన తెలుగునాట ఈ పనిని బ్రిగేడియర్ పోగుల గణేశం గారి ఆధ్వర్యంలో పల్లె సృజన సంస్థ చేస్తూ వచ్చింది. వారి శోధయాత్రలో సభికులు కుర్చీలలో కూర్చోరు, ఊరినుంచి ఊరికి నడుస్తారు. ఊరివారి దగ్గర ఉన్న ఉపాయాలు అడుగుతారు, పక్క ఊళ్ళో చూసినవి చెబుతారు. సభ మనిషి దగ్గరకు వెళుతుంది. పాఠకులు గమనించాలి, మాకు నచ్చినది నడక కాదు, చెప్పేవాడూ వినేవాడూ మారుతూ ఉండడం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. ఆలోచన అప్పే అయితే, పేద ఆవిష్కర్త తన గుట్టంతా వేదికమీద విప్పేయాలా? విన్నవాడెవడో ఫ్యాక్టరీ పెట్టుకుంటే ఆయన గతి ఏమిటి? విప్పనక్కరలేదు. చాంబర్లెన్ల గోప్యతనూ ఒక నేతకారుడి జాగ్రత్తనూ ఒకే తక్కెడలో వేయరాదు. మొదటివారు ప్రాణాలమీద బేరం పెట్టారు, రెండవవాడు పొట్ట కాపాడుకుంటున్నాడు. అతని అనుమతి తీసుకుని, అతని పేరు చెప్పి, లాభం వస్తే అతని వాటా అతనికి ఇవ్వడం వినేవారి వంతు. సభలలో ఉపన్యాసకుల బాధ్యత గురించి ఎంతో మాట్లాడతాము గాని, శ్రోతల బాధ్యత గురించి ఎవరూ మాట్లాడరు. చప్పట్లు రశీదు మాత్రమే. బాకీ అలాగే ఉంటుంది.

మరొక అభ్యంతరం ఉంది. పద్ధెనిమిది నిమిషాల ఉపన్యాసం విని ఒక కుర్రవాడు ఉత్సాహపడి ఏదో చేస్తే చాలదా అని. చాలును, చాలా మంచిదే. మేము సభలను వెక్కిరించడం లేదు. కాని ఆ హాలులో ఎవరు కూర్చోగలరు? ఇంగ్లీషు వచ్చినవారు, సాయంత్రం ఖాళీ దొరికేవారు, కారు ఉన్నవారు. తొమ్మిదివేల సార్లు చెయ్యి తిప్పినవారికి అక్కడ కుర్చీ లేదు. వారి కథ ఉంటుంది, వారు ఉండరు.

ఇక ఫహాహీల్ సంగతి. కువైట్‌లో ఉన్న తెలుగువారిలో డాక్టర్లం, ఇంజనీర్లం కొద్దిమందిమి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసేవారు, డ్రైవర్లు, మెకానిక్కులు ఎక్కువమంది. జూలై ఎండలో చల్లదనం ఆగిపోయిన యంత్రాన్ని దొరికిన విడిభాగంతో నడిపించే మనిషికి తెలిసినది మన పుస్తకాల్లో లేదు. అరబ్బీ అక్షరం రాకుండా వచ్చి, ఒక ఇంటిల్లిపాదికీ వండుతూ, వారి భాష పట్టుకుని, వారి ముసలమ్మకు మందులు వేళకు వేసే తల్లి ఏ పద్ధతిలో గుర్తు పెట్టుకుంటుందో మాకు తెలుసుకోవాలని ఉంది. మాత్రలు మరచిపోయే మా రోగులకు అది పనికివస్తుంది. అప్పుడు బాకీ ఎవరిది?

మన సంఘంలో ఈ ఏడు ‘ఆలోచనల సభ’ ఒకటి జరపాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. మేము సమ్మతిస్తున్నాము, రెండు మాటలు చేర్చి. సభ తెలుగులో జరగాలి, మొదటి వరుస ఉపన్యాసకులు వీరే కావాలి. హాలు దొరకడం కష్టం కాదు. శుక్రవారం సాయంత్రం ఆ తల్లిని ఎవరు పంపుతారన్నదే కష్టం. ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. కమిటీవారు సభకు తేదీ నిర్ణయించే ముందు, ఇళ్ళలో పనివారున్న సభ్యులు, మాతో సహా, ఆ రోజు సెలవు ఇస్తామని సంతకం చేసి ఇవ్వాలని మా మనవి. పేర్లు వచ్చే సంచికలో అచ్చువేస్తే మరీ మంచిది.