దాతకుండవలసిన లజ్జ

మూర్ఛరోగము మానవజాతి ఎరిగిన రోగములలో మిక్కిలి పురాతనమైనది. దానిని చూచినప్పుడు మానవుడు అడుగు ప్రశ్నయు అంతే పురాతనమైనది. నిలుచున్న పిల్లవాడు నిలుచున్నట్లే కూలి, కన్నులు తేలవేసి, నురుగు గ్రక్కుచు రెండు నిమిషములు కొట్టుకొని, పిమ్మట ఏమియు ఎరుగనివానివలె లేచి కూర్చుండినప్పుడు, చుట్టును మూగినవారిలో ఒకడు వాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టును, ఒకడు ఉల్లిపాయ చితుకగొట్టి వాసన చూపును, మూడవవాడు మాత్రము 'ఏ జన్మలో ఏమి చేసెనో' యని నిట్టూర్చును. మొదటి ఇద్దరి ఉపచారమును నిరుపయోగమైనదే. అయినను వారు ఏదో చేయబోయిరి. మూడవవాడు తత్త్వము చెప్పి ప్రక్కకు తొలగెను. ఈ వ్యాసము ఆ మూడవవానిని గూర్చినది.

అతడు అన్ని దేశములందును ఉన్నాడు. క్రీస్తునకు పూర్వము సుమారు 400వ సంవత్సరము నాటి హిప్పోక్రటీసు సంప్రదాయపు వైద్యగ్రంథమొకటి, జనులు పవిత్రవ్యాధి యని భయపడు ఈ రోగము తక్కిన రోగములకంటె పవిత్రమును కాదు, దైవికమును కాదు, దీనికి మూలము మెదడులో నున్నదని వాదించి, మంత్రగాండ్రను ఎత్తిపొడిచినది. మన చరకసంహితయు అపస్మారమునకు నిదానస్థానమున నొక అధ్యాయమును, చికిత్సాస్థానమున నొక అధ్యాయమును కేటాయించి, వాత పిత్త కఫ సన్నిపాత భేదములచే నాలుగు విధములుగా విభజించినది. దానికి ముందరి ఉన్మాదాధ్యాయములో, తన దుఃఖమునకు దేవతలను గాని పిశాచములను గాని నిందింపరాదని స్పష్టపరచినది. అయితే చరకుడు దేవతలను విడిపించి ఆ భారమును మనుజుని ప్రజ్ఞాపరాధముపై మోపెను. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డివానిని చూచిన శిష్యులు, పాపము వీనిదా, వీని తల్లిదండ్రులదా యని గురువు నడుగగా ఆయన ఎవరిదియు కాదనెను. అడిగినవారు దుర్మార్గులు కారు. దుఃఖమునకు కారణము తెలియక ఊరకుండలేనివారు. కాని ఎదుటివానికి మనము చేయవలసినదేమి అన్న మాట ఆ ప్రశ్నలో లేదు.

కర్మసిద్ధాంతమును నేను త్రోసిపుచ్చుటలేదు. అది ఎవరి పక్షమున చెప్పబడినదో గుర్తుంచుకొనవలెనన్నదే నా మనవి. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయపు మొదటి పాదములో ఒక ఆక్షేపము వచ్చును. లోకములో ఒకడు సుఖించుచు వేరొకడు బాధపడుచుండగా, దీనిని సృజించిన ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు అంటవా? అంటవనియు, ఈశ్వరుడు ప్రాణుల ధర్మాధర్మముల ననుసరించియే సృష్టించుననియు, వర్షము అన్ని విత్తనములకును సమానమే యైనను మొలకలు విత్తనములను బట్టి వేరగుననియు శంకరులు సమాధానము చెప్పిరి. ఇది ఈశ్వరునిపై మోపబడిన అభియోగమునకు సమాధానము. అక్కడ నిర్దోషిగా తేలినవాడు ఈశ్వరుడు, ప్రక్కింటివాడు కాడు. ఈశ్వరుని పేర వెలువడిన ఆ తీర్పును మనము మన పేర వ్రాయించుకొని శతాబ్దములుగా తిరుగుచున్నాము. రోగి పూర్వకర్మ రోగికే తెలియదు, మనకు అసలే తెలియదు. వాడు మన ఎదుట పడియుండగా మనము చేసినదియు, చేయక మానినదియు మాత్రము నిస్సందేహముగా మన కర్మ. కర్మవాదము సత్యమే అయినచో భయపడవలసినవాడు పడినవాడు కాదు, చూచుచు నిలుచున్నవాడు.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది అమెరికాలోని ఒక ఏర్పాటు. బ్రస్సెల్సు కేంద్రముగా గల యూసీబీ అను ఔషధసంస్థ, మూర్ఛరోగము గల విద్యార్థులకే గాక, వారి కుటుంబములవారికిని, వారిని కనిపెట్టి చూచువారికిని, కళాశాల చదువునకై 5,000 మొదలు 10,000 డాలర్ల వరకు విద్యార్థివేతనములు ఇచ్చుచు వచ్చినది. అక్కడి చదువుల ఖర్చు ముందు ఇది పెద్ద మొత్తము కాదు. కాని కుటుంబములవారికిని అన్న నిబంధనలో మన తార్కికులు ఆలోచింపదగిన విషయమున్నది. ఎవని కర్మ వానిదే యైనచో, ఏ రోగమును లేని అన్నకు ఈ ధనమేల?

ఈ రోగము ఒక ఇంటి చదువును ఎట్లు దెబ్బతీయునో చూచినచో సమాధానము దానంతట అదే వచ్చును. నిద్రలేమి మూర్ఛను రేపును; పరీక్షలకై తెల్లవార్లు చదువుట తక్కినవారికి అలవాటు, వీనికి అపాయము. మందులలో కొన్ని మగతను, కొన్ని మతిమరపును, కొన్ని చిరాకును కలిగించును. అమెరికాలో పెక్కు ఊళ్లలో కారు లేనిదే కళాశాలకు పోజాలరు. ఫిట్స్ వచ్చినవానిని ఆయా రాష్ట్రముల నియమముల ప్రకారము కొన్ని నెలలపాటు, కొన్నిచోట్ల ఏడాదిపాటు, కారు నడపనీయరు. అప్పుడు నడపువారెవరు? తమ్ముడు స్నానము చేయుచున్నంతసేపును తలుపు గడియ వేయనీయక బయట కూర్చుండిన అక్కయే. ఆమె కళాశాల ఇంటికి దగ్గరిదై యుండవలెను. ఆమె రాత్రులు సగము మెలకువతో గడచును. ఆమె ఫీజు కొరకు దాచిన సొమ్ము ఆసుపత్రికి పోవును. కర్మ ఒకనిదే కావచ్చును గాని అనుభవము ఇంటిల్లిపాదిది. మనుజుడు దేవ ఋషి పితృ ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణము అధ్యయనము చేతనే తీరుననియు మన పెద్దలు చెప్పిరి. ఆ లెక్కన అక్క చదువు మానుట అభిమతత్యాగము మాత్రమే కాదు, తీర్చవలసిన ఋణమొకటి నిలిచిపోవుట. తమ్మునికొక్కనికే ధనమిచ్చి అక్కను విడిచిన దాత సగము రోగమునే చూచినవాడు.

ఇక దాత మాట. మూర్ఛకు మందు అమ్ము సంస్థయే మూర్ఛరోగులకు విద్యార్థివేతనము నిచ్చుట ఎట్టి దానము? ప్రత్యుపకారము చేయజాలనివానికి, ఈయవలసినదను బుద్ధితో, తగిన దేశకాలములందు ఇచ్చినది సాత్త్వికమనియు, ప్రతిఫలము కోరి ఇచ్చినది రాజసమనియు గీత పదునేడవ అధ్యాయము విభజించినది. ఆ కొలతను బట్టి ఇందు రాజసము పాలు ఉన్నదనుటకు సందేహింపను. అయినను రాజసదానముతో కట్టిన ఫీజునకును కళాశాలవారు రసీదు ఇత్తురు. పిల్లకు చదువు వచ్చును. దాత మనస్సును శోధించుట మన పని కాదు. నాకు బాధ కలిగించునది వేరొకటి: దరఖాస్తుతోపాటు విద్యార్థి తన వ్యాధిని గూర్చి, దానిని తాను ఎదిరించిన తీరును గూర్చి ఒక వ్యాసము వ్రాసి పంపవలెను. ఏండ్ల తరబడి దాచుకొన్నదానిని తన మాటలలో చెప్పుకొనుట కొందరికి విముక్తియే. ఆ మాట కాదనను. కాని చెప్పుకొనుటకు అవకాశమిచ్చుట వేరు, చెప్పినగాని ఈయననుట వేరు. బాగుగా వ్రాయలేని రోగికి కష్టము తక్కువయా?

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశములో, దాతకు ఉండవలసిన గుణములలో లజ్జయు భయమును చేర్చబడినవి. లజ్జ పుచ్చుకొనువానికి కాదు, ఇచ్చువానికి! తనకింత ఉండగా ఎదుటివానికి లేకపోయెనే అన్న సిగ్గు అది. మనము దానిని తలక్రిందులు చేసి, వేదికపై పొడుగాటి చెక్కు పట్టుకొని దాత చిరునవ్వు నవ్వుచుండగా, బాలుడు తల వంచుకొని ఫొటోకు నిలుచు పద్ధతిని తెచ్చుకొంటిమి.

తెలుగువారికి ఈ లజ్జ విషయము మరింత దగ్గరిది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు ఇట్టి విద్యార్థివేతనములకు దరఖాస్తు చేయకుండుటకు తండ్రి జీతమొక్కటే కారణము కాదు; పేరు బయటపడినచో సంబంధములు రావను భయమును కారణము. ఆ భయము ఊరకే పుట్టినది కాదు. హిందూ వివాహచట్టములో పెండ్లికి అడ్డుగా చెప్పిన లక్షణములలో మూర్ఛరోగము 1999 వరకు నిలిచియుండెను. ఆ యేట పార్లమెంటు దానిని తొలగించినది గాని, చట్టము మరచినదానిని పెండ్లిళ్ల పేరయ్య ఇంకను మరువలేదు. ప్రపంచములో సుమారు 5 కోట్లమందికి ఈ రోగము కలదనియు, తగిన చికిత్స అందినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఈ మాట తెలిసిన ఇండ్లలో సైతము మందుసీసాను పూజగది అలమరలో దాచుదురు. స్వదేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో మూర్ఛ పేరు లేదు. మన రెండు రాష్ట్రములలోని ఫీజు రీయింబర్స్‌మెంటు కులమును, ఆదాయమును చూచును గాని రోగమును చూడదు. కావున ఇక్కడి విద్యార్థికి దాచుకొనుట తప్ప వేరు గతి లేదు, చెప్పుకొన్నను వచ్చునది లేదు.

అమెరికాలోని తెలుగు సంఘములును, స్వగ్రామములలో విద్యార్థులకు సాయము చేయు దాతలును ఈ రోగము గల ఇండ్లకొరకు ఒక నిధి ఏర్పరుపవలెనని నా ప్రార్థన. వైద్యుని ధ్రువపత్రమును, కళాశాలలో సీటు వచ్చిన కాగితమును చాలునని, ఆ రెండును చూచువాడు ఒక్కడే యుండవలెనని నియమము పెట్టుడు. అక్కచెల్లెండ్రను, అన్నదమ్ములను విడువకుడు. వ్యాసము అడుగకుడు, వేదిక ఎక్కింపకుడు. ఫీజును నేరుగా కళాశాలకే కట్టుడు.