రెండు గడపలవాడు

ఒక మనుష్యునికి ఇల్లును పడవయు రెండును ఉన్నయెడల, అతని న్యాయబుద్ధి ఏ గడపలో కాపురముండును? ప్రశ్న వింతగా తోచవచ్చును. అయితే ఫ్రాన్సు దేశములో బర్గండీ కాలువ గట్టున వేసవి దినములను ఈ రెంటి నడుమ గడుపువారు కలరు. ఒకప్పుడు సరకులు మోసిన పడవను కాపురమునకు అనువుగా మార్చుకొందురు. గట్టున ఇల్లు, నీటిమీద పడవ; నడుమ నడచుటకు ఒక బల్ల.

ఆ కాలువ 1832లో పూర్తియైనది. పొడవు 242 కిలోమీటర్లు, లాకులు 189. గోదావరి కాలువల ప్రక్కను పెరిగిన చదువరులకు లాకు అనగా ఏమో చెప్పనక్కరలేదు. అయితే మన కాలువ ఆనకట్టనుండి పల్లమునకు దిగును. ఇది కొండ నెక్కి దిగును. పూయీ అను ఊరివద్ద 378 మీటర్ల ఎత్తున, మూడు కిలోమీటర్లకు మించిన సొరంగములోనుండి అవతలి ప్రక్కకు పోవును. అంత ఎత్తున కాలువకు చాలినంత పెద్ద నది లేదు. పాంత్యే, సెర్సే మొదలగు చెరువులలో నిలువచేసిన నీటినే రెండు ప్రక్కలకును విడువవలెను.

ఆ లాకు గది పొడవు 39 మీటర్లు, వెడల్పు 5.2 మీటర్లు. నీటిమట్టముల భేదము రెండున్నర మీటర్లయినచో, ఒక్కసారి నింపి వదలుటకు దాదాపు ఐదు లక్షల లీటర్లు దిగువకు పోవును. లోపల ఒక చిన్న పడవయున్నను అంతే, రెండున్నను అంతే. అందుచేత నీరు తక్కువైన వేసవిలో, ఒంటిగా వచ్చిన పడవను ఆపి, రెండవది వచ్చువరకు ఉండుమందురు. 2022 వేసవిలో కరవు మిక్కుటమై, దేశములోని పలు కాలువలలో కొన్ని భాగములను పడవలకు మూసియేవేసిరి. తోటలకు నీళ్లు పోయుటకును ఆంక్షలు పెట్టిరి.

ఇప్పుడు మన రెండు గడపలవానిని చూడుడు. ఉదయమున ఇంటి వాకిట నిలిచి, గట్టున తేలిన బురదను చూచి, “విహారమునకు వచ్చినవారు మన నీటినంతయు దిగువకు వదలుచున్నారు” అనును. పది గంటలకు బల్ల దాటి పడవ నెక్కును. రెండవ లాకువద్ద కావలివాడు చేయెత్తి ఆపును. అరగంట గడచును, గంట గడచును. అప్పుడు అతడే, “వీరి తోటలు నీళ్లు త్రాగవచ్చును గాని నేను పోరాదా?” అని సణుగును. ఉదయము పలికినదియు అబద్ధము కాదు, ఇప్పుడు పలుకునదియు పూర్తిగా అబద్ధము కాదు. మధ్య మారినది అతని పాదముల క్రింది చెక్క మాత్రమే.

వేషధారియని అతనిని త్రోసివేయుట సులభము. నాకు మాత్రము అట్లు తోచదు. కేవలము ఇల్లుగలవాడు తన కోపము ఎన్నడును తలక్రిందగుట చూడడు. కేవలము పడవగలవాడును అట్లే. ఇతడు ఒక్క దినములోనే తనతోనే వాదమాడవలసి వచ్చును. అట్టి వాదము మన కాలువల క్రింద ఎగువ రైతుకును శివారు రైతుకును ఎన్నటికిని తెగదు, ఏలయనగా ఎగువవాడు ఒక్క వేసవియైనను శివారున సాగుచేసి చూడడు.

మరియొక సంగతి. పూర్వము పడవ కుటుంబములకు గట్టున ఇల్లే లేదు. పడవలోనే పుట్టిరి, పెరిగిరి. బిడ్డలను మాత్రము చదువులకై గట్టున వసతిబడులలో విడిచిపోయిరి. పారిసు సమీపమున కాంఫ్లాన్ రేవులో 1936లో ఒక కాంక్రీటు పడవనే వారికి దేవాలయముగా చేసిరి. కాలువ మూయబడిన దినమున వారికి కూలి లేదు. సరకు పడవకు ముందుగా దారి విడుచుట అచ్చటి వాడుక. విహారమునకు పోవువాడు ఒక గంట పోగొట్టుకొనును. సరకు మోయువాడు ఆ గంటతో తన రొట్టెను పోగొట్టుకొనును. గంట ఒక్కటే గాని దాని వెల ఒక్కటి కాదు.

సాయంకాలము లాకులు మూయుదురు. మనవాడు తిరిగి వచ్చునప్పటికి ఇంటికి ఒక్క లాకు మిగిలియున్నది. తలుపు తీసియేయున్నది గాని వెంట మరియొక పడవ లేదు. ఒక్కనికొరకే తీయుమని కావలివానిని అడుగవచ్చును. ఒకవేళ అతడు తీయవచ్చును కూడ. గట్టున గుంజకు త్రాడు కట్టి, అతడు నడిచియే ఇంటికి బయలుదేరెను. తోటలో చిక్కుడుపాదులు వాడియున్నవి. బావి గిలకవద్ద చేద చేతపట్టుకొని, ఎన్ని చేదలు తోడవలెనో తెలియక కొంతసేపు నిలిచియుండెను.