ఇద్దరి రాజీ, మూడోవాడి నేల

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం ఊరొదిలి పారిపోయారు. 1960లు వచ్చేసరికి అదే జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి బైలదిల్లా నుంచి అరకు కొండల మీదుగా కొత్తవలసకు రైలుమార్గం వేశారు. బాంబులు పడిన రేవులోనే ఖనిజం ఓడలెక్కింది.

పగ మరిచిపోవడం మంచిదే. యుద్ధం కంటే వ్యాపారం వెయ్యిరెట్లు మేలు. అయితే ఆ స్నేహం కోసం సొరంగాలు తవ్వింది మన కొండల్లో. మనకు జపాన్‌తో పగా లేదు, ఒప్పందంలో చోటూ లేదు. ఖనిజం బండ్లు దాటిపోయే మన్యంలో ఇప్పటికీ గర్భిణిని డోలీలో మోసుకెళ్లే గూడేలున్నాయి. ఇద్దరు రాజీపడినప్పుడు మూడోవాడి నేల పోతే దాన్ని శాంతి అనవచ్చా?

గూడెంలో గట్టు తగాదా వస్తే పెద్దలు పక్క చేనువాడినీ పిలిచి కూర్చోబెడతారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం కూడా చెబుతోంది. మన పెద్దల కూటమిలో ఆడవాళ్ల మాట ఎంత వినబడుతుందో మనమూ చూసుకోవాలి.

ఉక్రెయిన్, గాజా వార్తలొస్తే టీకొట్ల దగ్గర ఎవరు గెలుస్తారనే మాటే. బడిలో పిల్లలూ అదే అడుగుతారు. ఉపాధ్యాయ మిత్రులారా, మరో రెండు ప్రశ్నలు కలుపుదాం: ఎవరి ఇల్లు పోయింది? ఎవరిని అడగలేదు? ఆ తర్వాత అరకు రైలుమార్గం పటం గోడకు తగిలించి అవే ప్రశ్నలు వేద్దాం. జవాబు కోసం పిల్లలు తాతల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.