ఉప్పు మీద రంగు



మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరబోట్లకు సముద్రపు వేట నిషేధం. ఈస్టరు పండుగ వెళ్లిన కొద్ది రోజులకో, ఆ దగ్గరలోనో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో బోట్లు వరుసగా ఆగిపోతాయి. అప్పుడు యజమాని మొదట చూసుకోవలసినది ఇంజను. ఏడాదంతా ఉప్పుగాలి సోకిన ఇనుము అది.

ఆ ఇంజనును పైపైన రుద్ది, అదే సాయంత్రం రంగు పూసేయవచ్చు. కొన్నాళ్లు కొత్తదానిలాగే ఉంటుంది. అయితే సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ ఉప్పు ఇనుము గుంటల్లో మిగిలి ఉండగా రంగు పూస్తే, అది రంగు పొర గుండా చెమ్మను లోనికి లాగుకొంటుంది. రంగు బుడగలుగా లేస్తుంది. అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. రంగు పూయకముందు కనీసం కంటికి కనబడేది!

సరైన పని నిదానమైనది. మొదట వెదకవలసినది తుప్పును కాదు, నీరు కారుతున్న చోటును. ఉప్పునీటి పంపు సీలు అరిగిందా? గొట్టం బిగింపు వదులైందా? పైన చుక్క ఆగకుండా కింద ఎంత తోమినా వృథా. తరువాత గాలి పీల్చే ద్వారాన్ని, ఆల్టర్నేటరును మూసికట్టి, జిడ్డు వదలగొట్టి, ఉప్పు పోయేదాకా మంచినీటితో కడగాలి. ఆరాక పెచ్చులను సుత్తితో, స్క్రాపరుతో రాల్చి, వైరు బ్రష్షుతో లోహం కనబడేదాకా తోమాలి. తోమిన ఇనుమును తేమగాలికి రాత్రంతా వదిలితే తెల్లవారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. కనుక వెంటనే ప్రైమరు, అది ఆరాక పలుచగా రెండు పూతలు. లేత రంగు మేలు. నూనె కారినా, తుప్పు పుట్టినా ఇట్టే తెలుస్తుంది. మరకలు కనబడకూడదని ముదురు రంగు కోరేవారూ ఉన్నారు, వారితో నేను ఏకీభవించను.

చెడుకు సొంత ఉనికి లేదనీ, అది మేలులో ఏర్పడిన వెలితి అనీ పునీత అగస్తీనువారు బోధించారు. తత్త్వశాస్త్ర తరగతిలో గంటసేపు చెప్పే ఈ సంగతిని తుప్పుపట్టిన ఇంజను ఒక్క క్షణంలో చూపుతుంది. ఇనుము లేనిదే తుప్పు లేదు. తోమేవాడు ఇంజనుకు శత్రువు కాడు. మిగిలిన మంచి ఇనుము కోసమే అతని శ్రమంతా.

మీలో బోటు లేనివారే ఎక్కువ. కాని పండుగ ముందురోజు వరుసలో నిలబడి, నాలుగు మాటల్లో ముగించే పాపసంకీర్తనం అందరికీ తెలిసినదే. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా పదేళ్లుగా అలాగే ఉంటుంది. కూలి డబ్బులు చేతికందిన సాయంత్రం కాళ్లు తిరిగే ఆ సారా కొట్టు అలాగే ఉంటుంది. చుక్క కారుతూనే ఉంటుంది. పాపవిమోచనం రంగు పూత కాదు, దేవుడు నిజంగానే క్షమిస్తాడు. పశ్చాత్తాపమూ, ఇక చేయనన్న నిశ్చయమూ మాత్రం మన వంతు. ఒకటి గమనించండి: నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే యజమాని తరచు ఒడ్డునే ఉంటాడు. అలల మీద చిక్కుకొనేది సరంగు, కళాసీలు. తండ్రి దాచిన తుప్పుకు ఇంట్లో ఎవరు చిక్కుకొంటున్నారో భార్యాబిడ్డల ముఖం చూస్తే తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి. ఉప్పునీటితో చల్లబడే చాలా ఇంజన్లలో చిన్న జింకు ముక్క బిగించి ఉంటుంది. ఉప్పునీరు మిగతా లోహాన్ని వదిలి ముందుగా దానిని తింటుంది. ఇంజనీర్లు దానిని 'బలి' లోహమనే పిలుస్తారు. దానికి రంగు పూస్తే పనిచేయదు. ఆ పేరు వింటే క్రైస్తవునికి ఎవరు గుర్తుకు వస్తారో నేను చెప్పనక్కరలేదు. అయితే పోలిక అంతవరకే: జింకు తరిగిపోతే మార్చాలి, మన ప్రభువు బలి ఒక్కసారే.

పండుగ రద్దీ లేని ఒక సాయంత్రం చూసుకొని మీ విచారణ గురువుల వద్దకు వెళ్లండి. అరగంట పడుతుందని ముందే చెప్పండి. వారు తొందరపెట్టరు.